ద్రాక్ష పండిందని చెప్పేదెవరు?

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్న మాటలు సాహిత్య విద్యార్థులకు కంఠతా వచ్చినవే. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్న విద్యానాథుడు ద్రాక్షాపాకాన్ని నిర్వచిస్తూ, లోపలా వెలుపలా రసం వెలిగేదని అన్నాడు. అంతకు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందు రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకాలు చెప్పాడు. అందులో ద్రాక్షపాకం మొదట రుచిలేకుండా ఉండి చివరికి మధురంగా పరిణమించేది. ఈ రెండు నిర్వచనాలకూ తేడా స్వల్పమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది పెద్ద తేడాగానే కనిపిస్తుంది. విద్యానాథుడిది పళ్లెం ముందు కూర్చున్నవాడి చూపు. రాజశేఖరుడిది, ఆయన ఏనాడూ తోటలో అడుగు పెట్టకపోయినా, తోటలో నిలబడ్డవాడి చూపు. అందులో కాలం ఉంది, పుల్లని కాయ పండయ్యే క్రమం ఉంది.

పాకం అంటే పండటం. పండటానికి రోజులు పడతాయి. ఏదో ఒక రోజున ఎవరో ఒకరు "పండింది, కోయండి" అనాలి. ఆ మాట అనే అధికారం ఎవరిది? ఈ ప్రశ్న వేయవలసిన అవసరం మన అలంకారశాస్త్రానికి కలగలేదు. వైను తయారీ కోసం ద్రాక్ష పండించిన ఐరోపాలో మాత్రం ఈ ప్రశ్న చుట్టూ కొన్ని శతాబ్దాల తగాదా నడిచింది. ద్రాక్షను, మధువును సంకేతాలుగా వాడుకునే రచయితలకు ఆ తగాదా తెలిసి ఉండటం మంచిదని నా అభిప్రాయం.

ముందు పండు సంగతి చూడాలి. మామిడిని పచ్చిగా దింపి గడ్డిలో మాగబెట్టవచ్చు. అరటిగెలను కోసి ఇంట్లో పండించవచ్చు. ద్రాక్షకు ఆ సౌకర్యం లేదు. తీగ నుంచి తెంపిన క్షణాన దాని పండటం ఆగిపోతుంది. కోసేనాటికి ఎంత తీపి ఉందో అంతే, ఆ పైన పెరగదు. ఈ ఒక్క వృక్షధర్మం మీద ఐరోపా గ్రామాల్లో ఎన్ని చట్టాలు, ఎన్ని జరిమానాలు లేచాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కాయ రంగు తిరగడం మొదలుపెట్టాక చక్కెర పెరుగుతూ వస్తుంది, పులుపు తగ్గుతూ వస్తుంది. వైను చేసేవాడికి రెండూ కావాలి. చక్కెరే పులిసి మద్యసారమవుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరకు ఒక శాతం మద్యసారం వస్తుంది. పులుపు పూర్తిగా పోతే వైను చప్పబడుతుంది, నిలవకు ఆగదు. ముందుగా కోస్తే పుల్లని నీళ్లు. ఆలస్యం చేస్తే వాన పడి కుళ్లు పడుతుంది, పిట్టలు తింటాయి, వడగళ్లు కొడతాయి. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు విస్తారంగా పెరిగిన అనాబ్-ఎ-షాహి తినే ద్రాక్ష. దానికి తీపి ఉంటే చాలు. వైను ద్రాక్ష లెక్క వేరు.

ఆ లెక్కను పరికరాలు రాకముందు మనిషి ఒళ్లే కట్టేది. అనుభవం ఉన్న కోత మనిషి కాయను నోట్లో వేసుకుని ముందు రసం రుచి చూస్తాడు. తర్వాత తోలు నములుతాడు. నాలుకను పిండేసే వగరా, మెత్తబడిన వగరా అని చూస్తాడు. చివరికి గింజ కొరుకుతాడు. గింజ పచ్చగా ఉండి చేదు తగిలితే ఇంకా రోజులు కావాలి. గోధుమరంగుకు తిరిగి, వేయించిన పప్పులా పటుక్కుమంటే దగ్గర పడినట్టు. కాయ తొడిమను తేలిగ్గా వదులుతోందా, తోలు వేళ్ల మధ్య ఎంత సాగుతోంది, వేళ్లకు రంగు అంటుతోందా అన్నవి కూడా సాక్ష్యాలే. ఒకే తోటలో గట్టు మీది తీగ ఒకనాడు, పల్లంలోది మరొకనాడు పక్వానికి వస్తుంది. ఒకే గుత్తిలో ఎండ తగిలిన వైపు, నీడ వైపు ఒకేసారి పండవు. ఫ్రాన్సులోని సోతెర్న్‌లో తీయని వైను కోసం, ప్రత్యేకమైన బూజు పట్టి ముడుచుకున్న కాయలను మాత్రమే ఏరుతూ, ఒకే తోటను వారాల తరబడి అనేకసార్లు తిరుగుతారు. ఏ కాయ తీయాలి, ఏ కాయ వదలాలి అన్నది అక్కడ ప్రతి నిమిషం కూలీ చెయ్యే నిర్ణయిస్తుంది. ఆ ఏరివేత లేకపోతే ఆ వైనే లేదు. సీసా మీద మాత్రం తోట యజమాని పేరుంటుంది.

ఇంత జ్ఞానం ఉన్నవాళ్లకు కోత మొదలుపెట్టే హక్కు లేదు. మధ్యయుగాల నుంచి బర్గండీ తదితర ప్రాంతాల్లో కోత ప్రారంభాన్ని అధికారికంగా చాటించేవారు. ఫ్రెంచిలో దాన్ని "బాన్ ద వాందాంజ్" అంటారు. మన మాటల్లో కోత దండోరా. దండోరా పడేదాకా ఎవరూ, తన సొంత తీగ నుంచి కూడా, గుత్తి కోయకూడదు. కోస్తే జరిమానా. కాయ పండే వారాల్లో తోటలకు కావలివాళ్లుండేవారు. జర్మన్ ప్రాంతాల్లోనైతే తోటలనే మూసేసి, యజమాని అయిన రైతును కూడా నిర్ణీత రోజుల్లో తప్ప లోపలికి రానిచ్చేవారు కాదు. దండోరా వేయించే ప్రభువుకు మాత్రం అందరికంటే ముందుగా తన తోట కోసుకునే హక్కు ఉండేది. కూలీలు ఖాళీగా దొరికే రోజు, వాన పడని రోజు, గానుగ తీరిక ఉన్న రోజు ఆయనది.

దీన్ని సమర్థించేవాళ్లు చెప్పే కారణాలు పూర్తిగా అబద్ధాలు కావు. పచ్చికాయ కోసి పుల్లటి వైను చేస్తే ఊరి వైనుకే చెడ్డపేరు వస్తుంది. తోటల మధ్య కంచెలు లేనిచోట ఒకడు ముందు కోయడం మొదలుపెడితే పక్కవాడి తీగకు రక్షణ ఉండదు. ఊరి పెద్దల్లో అనుభవజ్ఞులు తోటలన్నీ తిరిగి చూసి తేదీ సూచించే పద్ధతి చాలాచోట్ల ఉండేది. ఇవి నిజాలే. కానీ వీటి పక్కన ఇంకో నిజం ఉంది. చర్చికి చెల్లించే దశమభాగాన్ని వసూలుదారు తోట దగ్గరే తీసుకునేవాడు. అందరూ ఒకే రోజున కోస్తేనే అతను లెక్క తప్పకుండా పట్టుకోగలడు. ద్రాక్షను ప్రభువు గానుగలోనే ఆడించి రుసుం కట్టవలసిన చోట్లు ఎన్నో. వైను తయారయ్యాక కొన్ని వారాలపాటు ప్రభువు ఒక్కడే అమ్ముకునే హక్కు మరొకటి. కోత దండోరా ఈ గొలుసులో మొదటి కొలికి. పక్వాన్ని గురించిన శాస్త్రం, వసూలును గురించిన శాస్త్రం ఒకే నోటి నుంచి వెలువడ్డాయి.

ఏ ద్రాక్ష వేయాలన్నదీ అధికార విషయమే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ (చరిత్రలో "ధీరుడు" అని బిరుదు) గామే అనే రకాన్ని నీచమైనదిగా నిందించి పెరికేయమని శాసించాడు. గామే ముందుగా పండుతుంది, కాపు ఎక్కువ. ప్లేగు మహమ్మారి తర్వాత మనుషులు కరువైన పల్లెల్లో చిన్న రైతుకు అది ఆసరా. డ్యూకుకు కావలసింది రాచవిందుల్లో పేరు తెచ్చే పినో నువార్. నిజానికి రుచి విషయంలో డ్యూకు చెప్పింది తప్పేమీ కాదని వైను తెలిసినవాళ్లు ఇప్పటికీ అంటారు. అంటే అననీ. కడుపు నింపుకోవడానికి తొందరగా పండే తీగ కావలసినవాడికి, పేరు కోసం ఆగగలిగినవాడికి మధ్య వైరుధ్యాన్ని రుచి ఒక్కటే పరిష్కరించదు.

1789 విప్లవం ప్రభువుల హక్కులను ఊడ్చేసింది. 1791 గ్రామీణ చట్టం ప్రతి యజమానికీ తన పంటను తన ఇష్టం వచ్చినప్పుడు కోసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. అయితే ఆచారం ఉన్నచోట కంచెలేని ద్రాక్షతోటలకు దండోరా కొనసాగించవచ్చునని, తేదీని ఊరి పాలకసభ నిర్ణయించాలని మినహాయింపు పెట్టింది. కంచె కట్టుకోగలిగినవాడికి స్వేచ్ఛ, కట్టుకోలేనివాడికి దండోరా. అదే చట్టం పరిగె ఏరుకునే పేదలను కూడా ప్రస్తావించింది. పంట మొత్తం ఎత్తాకనే వాళ్లు తోటలోకి రావాలి, కంచె ఉన్నచోట అసలు రాకూడదు. బూర్జువా విప్లవం ఆస్తిని ఎలా అర్థం చేసుకుందో తెలియడానికి సిద్ధాంత గ్రంథాల కన్నా ఈ రెండు నిబంధనలు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఈ దండోరాల తేదీలు పట్టణాల దస్తావేజుల్లో మిగిలాయి. ఫ్రెంచి చరిత్రకారుడు ఎమాన్యుయెల్ లెరువా లదురీ 1967లో వెలువరించిన గ్రంథంలో వాటిని వాతావరణ చరిత్రకు ఆధారంగా వాడాడు. వేడి వేసవి అయితే కోత ముందుకు జరుగుతుంది, చల్లనిదైతే వెనక్కి జరుగుతుంది. ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం 1815లో పేలిన మరుసటి ఏడాది ఐరోపాలో వేసవే రాలేదు, కోతలు విపరీతంగా ఆలస్యమయ్యాయి. లదురీ ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, 1956లో బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఆయన నడిచిన దారితో మనకు పేచీ ఉండవచ్చు. కానీ తేదీలో ఎండతో పాటు మనుషుల నిర్ణయం కూడా కలిసి ఉంటుందని, దాన్ని థర్మామీటరులా గుడ్డిగా చదవకూడదని హెచ్చరించినవాడూ ఆయనే.

2019లో థామస్ లాబె, ఆయన సహచరులు బోన్ పట్టణానికి 1354 నుంచి 2018 దాకా కోత తేదీల వరస ప్రచురించారు. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న మొదలైన కోత, 1988 నుంచి 2018 మధ్య 13 రోజులు ముందుకు జరిగింది. ఈ అంకెను పత్రికలన్నీ రాశాయి. నన్ను ఆపింది అంకె కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతి. పట్టణ సభ రికార్డులు, వార్తాపత్రికలతో పాటు కోత కూలీలకు చెల్లించిన కూలిడబ్బుల పద్దులు కూడా దానికి మూలం. కూలి ఇచ్చిన రోజు తెలిస్తే కోత రోజు తెలుస్తుంది. ఐరోపా ఎండలూ చలీ శతాబ్దాలపాటు ఎలా మారాయో మనకు చెబుతున్నవాటిలో ద్రాక్ష కోసినవాళ్ల దినకూలి ఒకటన్నమాట.

దీనికి ఎదురుగా యొహానిస్‌బెర్గ్ కథను పెట్టి చూడాలి. రైన్ నది ఒడ్డున ఉన్న ఈ తోట ఫుల్డా మతాధిపతిది. కోతకు అనుమతి ఫుల్డా నుంచి రౌతు తేవాలి. 1775లో రౌతు రావడం ఆలస్యమైంది, కాయలు తీగ మీదే బూజు పట్టి ముడుచుకుపోయాయి, తీరా వైను చేస్తే అద్భుతంగా కుదిరింది, ఆలస్యపు కోత అనే పద్ధతి అలా పుట్టింది అని కథ. ఆ రౌతుకు అక్కడ విగ్రహం కూడా ఉంది. కథలో ఎంత నిజమో పక్కన పెట్టినా, అది దాచిపెట్టింది స్పష్టమే. కళ్లెదుట పండు కుళ్లుతుంటే కోయడానికి వీల్లేక చేతులు కట్టుకు నిలబడ్డ మనుషులు ఆ తోటలో ఉండాలి. వాళ్లకు విగ్రహం లేదు. అనుమతి మోసుకొచ్చినవాడికి ఉంది!

పంతొమ్మిదో శతాబ్దంలో పక్వాన్ని కొలిచే పని నాలుక నుంచి పరికరానికి మారింది. జర్మనీలో ఫెర్డినాండ్ ఎక్స్‌లే అనే కంసాలి, యంత్రకారుడు 1830లలో రసం సాంద్రతను బట్టి చక్కెర చెప్పే తూనికను ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత ఒక చుక్క రసం వేసి వెలుగులో పెట్టి చూసే చేతి పరికరం వచ్చింది. 1971 జర్మన్ వైను చట్టం వైనుల తరగతులను ఎక్స్‌లే డిగ్రీల మీదే నిలబెట్టింది. పరికరం నిష్పక్షపాతంగా ఉంటుందనడంలో సందేహం లేదు. ప్రభువు మాటకు బదులు అంకె రావడం ముందడుగే. కానీ పరికరం చెప్పేది తీపి ఒక్కటే. గింజ చేదు, తోలు వగరు దానికి తెలియవు. పైగా అది ఎవరి చేతిలో ఉంటే ధర చెప్పేది వాళ్లే.

ఇక్కడ మోజెల్ లోయ ప్రస్తావన తప్పదు. 1815 తర్వాత ఆ లోయ ప్రష్యా చేతికి వచ్చింది. 1834 సుంకాల సమాఖ్యతో ఇతర జర్మన్ రాజ్యాల వైను పోటీకి దిగి ధరలు పడిపోయాయి. చలిగా ఉండే ఆ నిటారు గట్ల మీద ద్రాక్ష ప్రతి ఏడూ సరిగా పండదు. రైతులు అప్పుల్లో మునిగారు. ఈ దుస్థితి మీద "రైనిషె జైటుంగ్"లో వచ్చిన లేఖలను ప్రభుత్వాధికారి తప్పుబట్టినప్పుడు, 1843 జనవరిలో ఆ లేఖకుడి పక్షాన వరస వ్యాసాలు రాసినవాడు ఇరవై నాలుగేళ్ల సంపాదకుడు కార్ల్ మార్క్స్. ఊరు ట్రియర్. వాళ్ల కుటుంబానికి కూడా ఆ చుట్టుపక్కల కాస్త ద్రాక్షతోట ఉండేది. ఆ వ్యాసాలను మనవాళ్లు పత్రికాస్వేచ్ఛ కోసం రాసినవిగా చదువుతారు. అది సరైనదే. కానీ వాటి గుండెకాయ వేరే చోట ఉంది. రైతు తన తోట గురించి చెప్పేది స్వార్థమనీ, అధికారి చెప్పేది జ్ఞానమనీ పాలనాయంత్రాంగం ఎలా నమ్ముతుందో మార్క్స్ అక్కడ విప్పి చూపాడు. అధికారులు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు, ఆ సంబంధాల స్వభావమే అలాంటిదన్నాడు. ఆ ఏడాది మార్చి ముగిసేసరికి పత్రిక మూతపడింది. మోజెల్ రైతుల స్థితి, కట్టెల దొంగతనం చర్చలే తనను మొదట ఆర్థిక ప్రశ్నల వైపు తిప్పాయని 1859లో ఆయనే రాసుకున్నాడు.

అదే ట్రియర్‌లో లుడ్విగ్ గాల్ అనే తొలితరం సోషలిస్టు ఉండేవాడు. పండని ద్రాక్ష రసంలో చక్కెర నీళ్లు కలిపి పులుపు తగ్గించే పద్ధతిని 1850లలో ప్రచారం చేశాడు. చెడ్డ ఏడాది కూడా పేద రైతు వైను అమ్ముకోగలగాలన్నది ఆయన తపన. ఫ్రాన్సులో నెపోలియన్ మంత్రి షప్తాల్ 1801 నాటి గ్రంథంలోనే చక్కెర కలపడాన్ని సమర్థించి ఉన్నాడు. చక్కెర దొరికితే ఎండ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆయుధం పేదవాడి కోసం తయారైనా మార్కెట్లో అది ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పాలా? దక్షిణ ఫ్రాన్సులో 1907 నాటికి ధరలు కుప్పకూలాయి. చక్కెర కలిపిన కల్తీ వైనే కారణమని తోట రైతులు, కూలీలు వీధుల్లోకి వచ్చారు. జూన్ 9న మోంపెలియెలో లక్షల మంది చేరారు. క్లెమెన్సో ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. నార్బోన్‌లో కాల్పులకు ప్రాణాలు పోయాయి. ఆ ప్రాంతపు యువకులతోనే నిండిన 17వ రెజిమెంటు సైనికులు తిరగబడ్డారు. జూన్ 29న వచ్చిన చట్టం చక్కెర మీద అదనపు పన్ను వేసి, ప్రతి పంటదారూ తన దిగుబడిని ప్రకటించాలని విధించింది.

తెంపితే పండదు, ఆగితే కుళ్లుతుంది అన్న ధర్మం యజమానిని ఎంత తొందరపెడుతుందో కూలీకి అంత బలాన్నిస్తుంది. కాలిఫోర్నియాలో ఇది స్పష్టంగా బయటపడింది. 1965లో కోచెల్లా లోయలో, రాష్ట్రంలో అందరికంటే ముందుగా ద్రాక్ష పండేచోట, ఫిలిపినో కూలీలు పని ఆపారు. గంటకు 1.40 డాలర్లు కొద్ది రోజుల్లోనే సాధించారు. ముందు మార్కెట్‌కు వెళ్లే పండుకే ధర, అందుకని యజమానులు ఆగలేకపోయారు. అదే కూలీలు పంట వెంట ఉత్తరానికి కదిలి డిలేనో చేరేసరికి అక్కడి యజమానులు అదే రేటు ఇవ్వమన్నారు. సెప్టెంబరు 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. ఎనిమిది రోజులకు సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాల మెక్సికన్ కూలీల సంఘం కలిసింది. డిలేనోలో ఎక్కువ భాగం తినే ద్రాక్షే. కానీ మొదట దిగివచ్చినది సారా వ్యాపారంలో ఉన్న షెన్లీ, 1966లో. దాని తోటలు వైను ద్రాక్షవి. సీసా మీద పేరున్న సరుకును బహిష్కరించడం సులువు. పేరులేని గుత్తిని గుర్తుపట్టి మానేయమని దేశానికి నేర్పడానికి 1970 దాకా పట్టింది.

స్టెయిన్‌బెక్ 1939 నాటి నవలకు ద్రాక్షను పేరుగా పెట్టుకున్నది ఇదే నేలను చూసి. శాస్త్రం తెలిసినవాళ్లు అద్భుతమైన పండ్లు పండిస్తారు, కోత కూలికి కూడా ధర రాదని అవి చెట్ల కిందే కుళ్లుతాయి. ఆ అధ్యాయంలో పక్వం ఒక నేరారోపణగా మారుతుంది. మన సాహిత్యంలో మధువు వేరే దారిన వచ్చింది. దువ్వూరి రామిరెడ్డి (1895-1947) పారశీకం నేర్చి ఖయ్యామును "పానశాల"గా తెనిగించాడు. "కృషీవలుడు" రాసిందీ ఆయనే. నాగలి తెలిసిన కవి. పానశాలలోని మధువు తాత్త్విక సంకేతం, అక్కడ తోట కూలీ లేడని కవిని నిలదీయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివే విమర్శ మనకు కొరతగా ఉంది. సేద్యం తెలిసిన చెయ్యి మధుపాత్రను పట్టుకున్నప్పుడు ఆ పట్టులో తేడా ఏమైనా ఉందా అని వెతకవలసిన పని విద్యార్థుల ముందు ఉంది.

షాంపేన్ ప్రాంతంలో దండోరా ఇప్పటికీ వేరే రూపంలో బతికే ఉంది. తోటల నుంచి నమూనాలు తీసి చక్కెర, పులుపు కొలిచి, ఊరి వారీగా, ద్రాక్ష రకం వారీగా కోత తేదీలు ప్రకటిస్తారు. అక్కడి వైనుకు పులుపు బాగా ఉండగానే కోయాలి కాబట్టి గడువు ఇంకా ఇరుకు. యంత్రాలతో కోయడం నిషిద్ధం, గుత్తులు చెక్కుచెదరకుండా చేత్తోనే కోయాలి. అందుకని ప్రతి సెప్టెంబరులో కొద్ది రోజుల కోసం పెద్ద సంఖ్యలో కూలీలు దిగుతారు. 2023 కోత తీవ్రమైన ఎండల్లో సాగింది. కనీసం నలుగురు కోత కూలీలు చనిపోయారు, వడదెబ్బే కారణమని అనుమానించారు. అదే కోతలకు పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన యాభై మందికి పైగా వలస కూలీలను మనుషులుండటానికి పనికిరాని చోట ఉంచి పని చేయించిన కేసు షాలోన్ కోర్టుకు వెళ్లింది. 2025 జులైలో ముగ్గురికి మనుషుల అక్రమ రవాణా నేరం కింద శిక్ష పడింది. బోన్ కూలి పద్దుల్లో కోసినవాళ్ల నోటిమాట ఒక్కటి లేదు. షాలోన్ కోర్టు దస్త్రంలో కూలీల వాంగ్మూలాలు ఉన్నాయి.